రొదలో మూడు అంకెలు: ఆఫ్రికాన్స్ చెవులను కొలిచే లెక్క

చుట్టూ ఉన్న రొద మాట కన్నా దాదాపు పది రెట్లు బలంగా ఉన్నా, చెవులు బాగున్న మనిషి ఆ మాటలోని మూడు అంకెలను సగం సార్లు తప్పు లేకుండా పట్టుకుంటాడు. చెవీ మెదడూ కలిసి రోజూ చేసే ఈ పని ఎంత గొప్పదో, అది తగ్గేదాకా మనకు తెలియదు. తగ్గడం మొదలైనప్పుడు ఏ దేశంలోనైనా పెద్దవాళ్ళు చెప్పేది ఒకటే: "వినపడుతోంది గానీ, ఏమన్నారో తెలియడం లేదు."

ఆ ఒక్క వాక్యాన్ని అంకెల్లోకి తేవడానికి పుట్టినవే రొదలో మాట వినే పరీక్షలు. దక్షిణాఫ్రికాలో ఆఫ్రికాన్స్ మాట్లాడేవారికి ఇలాంటి పరీక్ష తయారుచేయడానికి ప్రిటోరియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఎంతో శ్రమపడ్డారు. పక్క భాషలో ఉన్న పరీక్షను తెచ్చి తర్జుమా చేసుకుంటే సరిపోదా అన్న ప్రశ్న ఎవరికైనా వస్తుంది. సరిపోదు. ఎందుకు సరిపోదో అంకెలే చెబుతాయి.

20 డెసిబెల్స్: నిశ్శబ్ద గదిలో తేలేది ఇంతే

వినికిడి పరీక్ష అనగానే గుర్తొచ్చేది ఆడియోగ్రామ్. బయటి శబ్దం చొరబడని గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్ పెట్టి, 250 నుంచి 8,000 హెర్ట్జ్ దాకా వేర్వేరు స్థాయిల్లో సన్నటి కూత లాంటి శబ్దాలు వినిపిస్తారు. వినపడగానే బటన్ నొక్కాలి. ఎంత చిన్న శబ్దం దాకా వినగలిగారో కాగితం మీద గీత పడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలత ప్రకారం 20 డెసిబెల్స్ కన్నా చిన్న శబ్దాన్ని కూడా పసిగట్టగలిగితే వినికిడి మామూలుగా ఉన్నట్టు.

మనం మాట్లాడుకునేది మాత్రం ఆ గదిలో కాదు. బస్సులో, బజారులో, టీవీ మోగుతున్న హాల్లో, భోజనాల బంతిలో మాట్లాడుకుంటాం. ఆడియోగ్రామ్ గీతలు ఒకేలా ఉన్న ఇద్దరిలో ఒకరు బంతి మధ్యలో కూర్చుని హాయిగా కబుర్లాడవచ్చు, ఇంకొకరు పక్కమనిషి మాట అందక తలాడిస్తూ ఉండిపోవచ్చు. శబ్దం ఉందని పసిగట్టడం వేరు, ఆ శబ్దాన్ని రొద నుంచి విడదీసి మాటగా గుర్తుపట్టడం వేరు. రెండో పనిని ఆడియోగ్రామ్ నేరుగా కొలవదు.

వయసుతో ముందుగా దెబ్బతినేది 3,000, 4,000 హెర్ట్జ్‌లకు పైన ఉండే సన్నని ధ్వనులను వినే శక్తి. స, ఫ లాంటి హల్లుల ఆనవాళ్ళు ఎక్కువగా ఉండేది అక్కడే. అచ్చుల బలమంతా కింది స్థాయిలో ఉంటుంది కాబట్టి అవి వినపడుతూనే ఉంటాయి. నిశ్శబ్దంగా ఉన్నచోట మిగిలిన ఆనవాళ్ళతో మెదడు ఎలాగో నెట్టుకొస్తుంది. రొద మొదలైతే ఆ మిగిలినవి కూడా మునిగిపోతాయి. గొంతు వినపడుతుంది, మాట అందదు. కొలవవలసింది అక్కడే.

-10: రొదలో మాటను లెక్కకట్టే పద్ధతి

ఈ పరీక్షల్లో ప్రధానమైన కొలత ఒక్కటే: మాట బలానికీ రొద బలానికీ ఉన్న తేడా. దాన్ని డెసిబెల్స్‌లో రాస్తారు. రెండూ సమానంగా ఉంటే 0. మాట బలం ఎక్కువైతే ప్లస్, రొద బలం ఎక్కువైతే మైనస్. డెసిబెల్ లెక్క కూడికల్లో కాక రెట్లలో నడుస్తుంది. -3 అంటే రొద శక్తి మాట శక్తికి రెండు రెట్లు, -6 అంటే నాలుగు రెట్లు, -10 అంటే పది రెట్లు.

ఒక మనిషి సగం సార్లు సరిగ్గా చెప్పగలిగిన స్థాయి ఎక్కడుందో ఆ అంకే అతని ఫలితం. మూడేసి అంకెల పరీక్షలో చెవులు బాగున్న యువకులకు ఇది -9, -10 ప్రాంతంలో పడుతుంది. వినికిడి తగ్గేకొద్దీ ఫలితం సున్నా వైపు జరుగుతుంది. అంటే రొద కాస్త తగ్గితే తప్ప మాట అందదన్నమాట.

-10కీ -8కీ మధ్య తేడా కాగితం మీద చిన్నదే. వినేవాడికి అది చిన్నది కాదు. డచ్ శాస్త్రవేత్త రైనియర్ ప్లాంప్ 1970లలోనే చూపించిన లెక్క ఇది: రోజువారీ వాక్యాల విషయంలో, సగం అర్థమయ్యే స్థాయి దగ్గర ఒక్క డెసిబెల్ అటూ ఇటూ అయితే అర్థమయ్యే వాక్యాల శాతం సుమారు 15 నుంచి 20 దాకా మారిపోతుంది. రెండు డెసిబెల్స్ నష్టపోయిన మనిషి, పక్కవాళ్ళు సగం అర్థం చేసుకుంటున్న సంభాషణలో చాలావరకు పోగొట్టుకుంటాడు. అందుకే ఈ పరీక్షలో అరడెసిబెల్ తప్పుకు కూడా విలువ ఉంది. పరీక్ష తయారీలో పడే శ్రమంతా ఆ తప్పును తగ్గించడానికే.

23 సార్లు, మూడు నిమిషాలు

మూడేసి అంకెల పరీక్షకు పుట్టిల్లు నెదర్లాండ్స్. ఆమ్‌స్టర్‌డామ్‌లో కాస్ స్మిట్స్, ఆయన సహచరులు టెలిఫోన్ మీద తమంతట తామే చేసుకోగల పరీక్షను తయారుచేసి 2004లో వివరాలు ప్రచురించారు. ఆ దేశంలో పదుల వేల మంది ఇంట్లో కూర్చుని ఫోన్ చేసి తమ చెవులను పరీక్షించుకున్నారు. ఆ పద్ధతినే దక్షిణాఫ్రికా స్మార్ట్‌ఫోన్‌కు తెచ్చింది. ప్రిటోరియా విశ్వవిద్యాలయానికి చెందిన జెన్నీ-మారీ పాట్‌గీటర్, డి వెట్ స్వానపూల్, హర్మన్ మైబర్గ్ స్మిట్స్‌తో కలిసి దక్షిణాఫ్రికా ఇంగ్లీషులో ఈ పరీక్షను తయారుచేశారు. 2016 మార్చి 3న, ప్రపంచ వినికిడి దినం నాడు, అది 'హియర్‌జెడ్‌ఎ' పేరుతో ఉచిత జాతీయ పరీక్షగా జనం చేతికి వచ్చింది.

పరీక్ష ఎలా నడుస్తుందో దగ్గర నుంచి చూద్దాం. హెడ్‌ఫోన్ పెట్టుకుంటారు. జల్లు కురుస్తున్నట్టు ఒకే తీరున రొద వస్తుంది. దాని మధ్య ఒక గొంతు మూడు అంకెలు చెబుతుంది: 5, 2, 9. విన్నది కీప్యాడ్ మీద నొక్కాలి. మొదటిసారి మాట, రొద సమానం, అంటే 0. మూడూ సరిగ్గా చెబితే తర్వాతిది 2 డెసిబెల్స్ కష్టం అవుతుంది. ఒక్క అంకె తప్పినా తర్వాతిది 2 డెసిబెల్స్ సులువవుతుంది. ఒక మనిషికి వరస ఇలా నడిచిందనుకుందాం: 0 ఒప్పు, -2 ఒప్పు, -4 ఒప్పు, -6 ఒప్పు, -8 ఒప్పు, -10 తప్పు, మళ్ళీ -8 ఒప్పు, -10 ఒప్పు, -12 తప్పు, -10. ఇక ఆ చుట్టుపక్కలే పైకీ కిందికీ తిరుగుతూ ఉంటుంది. ఒప్పులూ తప్పులూ సమానమయ్యే చోటే ఆగుతుంది కాబట్టి, అది దానంతటదే 50 శాతం స్థాయిని పట్టిస్తుంది. ఇలా 23 సార్లు. తొలి కొన్నింటిని వదిలేసి మిగతావాటి సగటు తీస్తే ఫలితం చేతిలో ఉన్నట్టే. మొత్తం పట్టేది మూడు నిమిషాలు.

ఇందులో రెండు తెలివైన ఏర్పాట్లు ఉన్నాయి. మొదటిది, ఊహించి గెలవడం కుదరదు. పది అంకెల్లో ఒకటి గుడ్డిగా చెబితే తగిలే అవకాశం పదింట ఒకటి, మూడూ వరసగా తగలాలంటే వెయ్యింట ఒకటి. రెండోది, కొలిచేది తేడాను కాబట్టి ఫోన్ వాల్యూమ్ కాస్త పెంచినా తగ్గించినా మాట, రొద రెండూ కలిసే పెరుగుతాయి, కలిసే తగ్గుతాయి. ఫలితం పెద్దగా కదలదు. ఆడియోగ్రామ్‌కు ప్రత్యేకమైన గది, ఎప్పటికప్పుడు సరిచూసిన పరికరం, పక్కన వినికిడిని పరీక్షించే నిపుణుడు, అంటే ఆడియాలజిస్టు కావాలి. దీనికి ఒక ఫోన్, ఒక హెడ్‌ఫోన్ చాలు. తక్కువ ఆదాయ దేశాల్లో 93 శాతం చోట్ల పది లక్షల జనాభాకు ఒక్క ఆడియాలజిస్టు కూడా లేరని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో రాసింది. అలాంటి చోట్ల ఈ మూడు నిమిషాల పరీక్షే చాలామందికి మొదటి వాకిలి అవుతుంది.

10 అంకెలు: ఆఫ్రికాన్స్‌లో ఎవరు ఎవరిలా వినపడతారు?

సున్నా నుంచి తొమ్మిది దాకా ఏ భాషలోనైనా పదే మాటలు. వాటిని చదివించి రికార్డు చేస్తే పరీక్ష తయారైనట్టే అనిపిస్తుంది. ఆఫ్రికాన్స్ అంకెలను ఒకసారి పైకి పలికి చూడండి: నుల్, ఇయన్, ట్వియ, ద్రీ, ఫీర్, ఫైఫ్, సెస్, సియవ, అఖ్ట్, నియఖ. చివరి రెండింట్లోని 'ఖ' గొంతులో రాపిడితో వచ్చే ధ్వని.

ఇప్పుడు వీటి మీద రొద పోసినట్టు ఊహించండి. హల్లులు మునిగి అచ్చులు మిగులుతాయి. ఒకటి, రెండు, ఏడు, తొమ్మిది నాలుగింట్లోనూ వినపడేది ఒకే 'ఇయ'. మూడు, నాలుగు రెండింట్లోనూ 'ఈ'. ఏడు, తొమ్మిది రెండూ రెండేసి అక్షరాలుగా పలికేవి, రెండింటి అచ్చుల వరసా ఒకటే. సియవకూ నియఖకూ మధ్య తేడా అంతా స, న, వ, ఖ హల్లుల్లోనే ఉంది. అవి పోతే రెండూ ఒకటే. మరోవైపు ఇవి పొడవైన మాటలు కాబట్టి, మిగతా ఎనిమిదింటి నుంచి వీటిని వేరు చేయడం సులువు. సెస్ అన్న మాటకు అటూ ఇటూ ఉన్నది 'స'. సన్నని ధ్వనులు వినే శక్తి తగ్గిన చెవికి అది ముందే జారిపోతుంది.

ఇంగ్లీషులో ఈ చిక్కులు వేరే చోట ఉంటాయి. అక్కడ ఫైవ్, నైన్ ఒకే అచ్చుతో పలుకుతాయి, రెండక్షరాలవి సెవెన్, జీరో. డచ్‌లో మళ్ళీ ఏడు, తొమ్మిది రెండక్షరాలవి కావడంతో 2004 నాటి టెలిఫోన్ పరీక్షలో వాటిని పక్కన పెట్టారు. 2013లో స్మిట్స్ బృందం తయారుచేసిన కొత్త రూపంలో పది అంకెలనూ తీసుకున్నారు. ఆఫ్రికాన్స్ డచ్ కడుపున పుట్టిన భాషే. 1652లో డచ్ ఈస్టిండియా కంపెనీ కేప్‌లో దిగిన తర్వాత అక్కడి ఖోయి జనం, ఆసియా నుంచి బానిసలుగా తెచ్చినవారు, వలసదారులు కలిసి పలికిన డచ్ మారుతూ మారుతూ వేరే భాష అయింది. 1925లో అధికార భాష హోదా పొందింది. అంత దగ్గరి చుట్టరికం ఉన్నా డచ్ రికార్డు ఆఫ్రికాన్స్ చెవికి పనికిరాదు. ఆ ధ్వనులు వేరు, వాటి నిడివి వేరు, అంకెలు ఒకదాన్ని ఒకటి పోలే తీరు కూడా వేరు.

తూకం సమం చేయడం

అందుకే రికార్డింగ్ తర్వాతే అసలు పని మొదలవుతుంది. చెవులు బాగున్న, ఆ భాషే మాతృభాషగా ఉన్న కొందరిని కూర్చోబెట్టి ఒక్కో అంకెను వేర్వేరు రొద స్థాయిల్లో పదేపదే వినిపిస్తారు. ఒక్కో అంకెకు విడిగా గీత గీస్తారు: ఏ స్థాయిలో ఎంత శాతం మంది పట్టుకున్నారని. ఏడు -12 దగ్గరే సగంమందికి అందుతూ, ఆరు -8 దాకా అందకపోతే, ఆ పరీక్ష చెవిని కొలవదు, అదృష్టాన్ని కొలుస్తుంది. ఏడెక్కువగా పడినవాడికి మంచి మార్కులు, ఆరెక్కువగా పడినవాడికి చెడ్డ మార్కులు వస్తాయి. కాబట్టి సులువైన అంకెల గొంతు కొద్దిగా తగ్గిస్తారు, కష్టమైనవాటిని కొద్దిగా పెంచుతారు. పదీ ఒకే స్థాయిలో సగంమందికి అందేదాకా ఈ సవరణ సాగుతుంది. ఇది అంగడిలో తూకపు రాళ్ళను సరిచూడటం లాంటిది. ఒక కిలో రాయి 900 గ్రాములుంటే ఆ తర్వాత ఎంత జాగ్రత్తగా తూచినా లెక్క తప్పే.

రొదను కూడా ఊరికే ఎంచుకోరు. అంకెలు చదివిన గొంతులో ఏ స్థాయి ధ్వని సగటున ఎంత బలంగా ఉందో లెక్కతీసి, సరిగ్గా అదే ఆకారంలో రొదను తయారుచేస్తారు. అప్పుడే రొద మాటలోని అన్ని భాగాలనూ ఒకే తీరున కప్పుతుంది. లేకపోతే కప్పని సందులోంచి విని అంకె చెప్పేయవచ్చు.

2011: అంకెలు దాటి వాక్యాల్లోకి

అంకెల పరీక్ష పైపై జల్లెడ. ఎవరికి వినికిడి తగ్గిందో పట్టిస్తుంది. ఆ మనిషి సంభాషణలో ఎంతవరకు నెగ్గుకొస్తాడో, చెవి మిషన్ పెట్టాక ఎంత మేలు జరిగిందో తెలియాలంటే వాక్యాలు కావాలి. డచ్‌లో ప్లాంప్, మింపెన్ 1979లో 13 వాక్యాల చొప్పున 10 జాబితాలు ఇచ్చారు. అమెరికాలో 1994లో వచ్చిన 'హింట్' పరీక్షలో 10 వాక్యాల చొప్పున 25 జాబితాలున్నాయి. ఆఫ్రికాన్స్‌లో విడి పదాల జాబితాలు 1960ల నుంచే ఉన్నా, రొదలో వాక్యాలు వినే పరీక్ష లేదు. మరియాన్ థ్యూనిసెన్, డి వెట్ స్వానపూల్, యోహాన్ హానెకోమ్ ఆ లోటు పూడ్చారు. ఆఫ్రికాన్స్ వాక్యాల పరీక్షను ఎలా తయారుచేశారో వారు 2011లో ప్రచురించారు.

ఇన్ని జాబితాలు ఎందుకన్న ప్రశ్నకు జవాబు సులువు. ఒక్కసారి విన్న వాక్యం మళ్ళీ వింటే గుర్తొస్తుంది. మిషన్ పెట్టకముందు ఒక జాబితా, పెట్టాక ఇంకో జాబితా వాడాలి. ఆ రెండు జాబితాలూ సరిసమానమైన కష్టంతో ఉంటేనే తేడా మిషన్ వల్ల వచ్చిందని నమ్మగలం. ఇందాకటి డెసిబెల్‌కు 15, 20 శాతం లెక్క గుర్తుంది కదా. ఒక జాబితా రెండో దానికన్నా ఒక్క డెసిబెల్ సులువుగా ఉన్నా, పనిచేయని మిషన్ పనిచేసినట్టు కనిపిస్తుంది.

వాక్యాల దగ్గరికి వచ్చేసరికి భాష స్వభావం ఇంకా బలంగా అడ్డొస్తుంది. తెలుగులో 'నేను' అన్న మాట రొదలో కొట్టుకుపోయినా, చివర 'పనిచేస్తాను' వినపడితే ఎవరి సంగతో తెలిసిపోతుంది. క్రియ చివర 'ను, వు, డు' మనకు రెండో అవకాశం ఇస్తాయి. ఆఫ్రికాన్స్‌లో ఆ వెసులుబాటు లేదు. ఎక్ వెర్క్, యై వెర్క్, హై వెర్క్. నేనైనా, నువ్వైనా, అతనైనా క్రియ మారదు. మొదటి చిన్న మాట జారితే ఎవరి గురించో ఇక తెలియదు. ఇంకోచోట ఆఫ్రికాన్సే రెండో అవకాశం ఇస్తుంది. 'అతను రాలేదు' అనడానికి 'హై హెట్ నీ ఖకొమ్ నీ' అంటారు. లేదు అని చెప్పే 'నీ' ఒకసారి మధ్యలో, మళ్ళీ చివర వస్తుంది. మొదటిది మునిగినా రెండోది అందవచ్చు. డచ్‌లో గానీ ఇంగ్లీషులో గానీ మామూలు వాక్యానికి ఈ రెండో 'నీ' ఉండదు. తర్జుమా చేసిన వాక్యం మూలంలో ఉన్నంత కష్టంగానే ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. అందుకే వాక్యాలను ఆ భాషలోనే, ఆ భాష మాట్లాడేవాళ్ళు ఇంట్లో అనుకునే తీరులో రాయాలి, ఆ భాష వాళ్ళతోనే తూచాలి.

యాస కూడా లెక్కలోకి వస్తుంది. కేప్ టౌన్ వాడల్లో వినిపించే 'కాప్స్' ఆఫ్రికాన్స్, ఆరెంజ్ నది ప్రాంతపు పలుకు, ప్రిటోరియా బడుల్లో చెప్పే ప్రామాణిక రూపం ఒకటి కావు. పైగా ఆఫ్రికాన్స్ ఇంటిభాషగా ఉన్నవారిలో ఎక్కువమంది తెల్లవారు కారు. ఒకే పలుకుబడితో రికార్డు చేసిన వాక్యాలు అందరి చెవికీ ఒకే దూరంలో ఉండవు. ఈ విషయంలో అంకెల పరీక్షకు కొంత మేలుంది. పది మాటలే కాబట్టి యాస తేడా తక్కువ, పదసంపద, చదువు, జ్ఞాపకశక్తి వేసే బరువూ తక్కువే.

8.7 శాతం, 10.6 శాతం: ఎవరి భాషలో పరీక్ష?

దక్షిణాఫ్రికా 2022 జనాభా లెక్కల ప్రకారం సుమారు 6 కోట్ల 20 లక్షల మందిలో ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడేవారు 8.7 శాతం. ఆఫ్రికాన్స్ 10.6 శాతం, అంటే అరవై లక్షలకు పైనే. ఇసిజులూ 24.4 శాతం, ఇసిఖోసా 16.3 శాతం. నార్తర్న్ కేప్ రాష్ట్రంలో సగానికి పైగా జనానికి ఆఫ్రికాన్సే ఇంటిభాష. వెస్టర్న్ కేప్‌లో సుమారు 41 శాతానికి అదే. అధికార భాషలు సంకేత భాషతో కలిపి 12.

జాతీయ పరీక్షను ముందుగా ఇంగ్లీషులో తేవడానికి కారణం ఉంది. ఇంటిభాష ఏదైనా ఇంగ్లీషు అంకెలు తెలిసినవారు ఆ దేశంలో చాలా ఎక్కువ. అయితే తెలియడం వేరు, రొదలో పట్టుకోవడం వేరు. రెండో భాషలో వినే చెవికి రొద ఎక్కువ భారం అవుతుందన్నది ఎన్నో భాషల్లో రుజువైన సంగతి. సగం వినపడిన మాటను పూరించడానికి మాతృభాషలో ఉన్నంత అండ ఇక్కడ దొరకదు. పాట్‌గీటర్ బృందం 2018లో ప్రచురించిన అధ్యయనంలో ఈ కోణాన్ని నేరుగా చూశారు. ఇంగ్లీషు మీద తమ పట్టుకు 1 నుంచి 10 దాకా తామే మార్కులు వేసుకోమని అడిగి, ఫలితాలతో పోల్చారు. పట్టు తక్కువని చెప్పినవారికి ఫలితం సున్నా వైపు జరిగింది. వారికి పాస్, ఫెయిల్ గీతను వేరేచోట గీయవలసి వచ్చింది.

ఇది చిన్న సంగతి కాదు. గీత సరిచేయకపోతే రెండు రకాల అన్యాయం జరుగుతుంది. చెవి బాగున్న మనిషి భాష వల్ల ఫెయిలై ఆసుపత్రుల చుట్టూ తిరుగుతాడు. గీతను అందరికీ సడలిస్తే, నిజంగా వినికిడి తగ్గిన మనిషి పాసై ఇంటికి వెళ్ళిపోతాడు. రెండో నష్టం కంటికి కనిపించదు, ఏళ్ళ తరబడి సాగుతుంది. మాతృభాషలో పరీక్ష ఉంటే ఈ చిక్కే రాదు. ఫలితం బాగా రాకపోతే అది భాష వల్ల కాదని ధైర్యంగా చెప్పవచ్చు.

ఏ భాషలో పరీక్షించాలో నిర్ణయించేది పుట్టిన ఊరో, ఇంటిపేరో కాకూడదు. 1860 నుంచి నేటాల్ చెరకు తోటలకు వెళ్ళిన తెలుగువారి మనవలు, మునిమనవలు నేడు డర్బన్ పరిసరాల్లో ఎక్కువగా ఇంగ్లీషులోనే బతుకుతున్నారు. వారికి తెలుగు పరీక్ష పెడితే అది కూడా తప్పు కొలతే అవుతుంది. మనిషి ఏ భాషలో రోజంతా వింటున్నాడో ఆ భాషలో పరీక్షించాలి. అందుకు ముందుగా ఆ మనిషినే అడగాలి.

180 డిగ్రీలు: రెండు చెవుల రహస్యం

స్మార్ట్‌ఫోన్ అంకెల పరీక్ష తొలి రూపంలో ఒక లోపం ఉండేది. రెండు చెవుల్లోనూ ఒకే మాట, ఒకే రొద వస్తాయి. ఒక చెవి పూర్తిగా పోయినా, రెండోది బాగుంటే ఆ ఒక్కటే పరీక్షను నెగ్గించేస్తుంది. దీన్ని సరిదిద్దడానికి కరీనా డి సౌసా, స్వానపూల్, స్మిట్స్ తదితరులు 2020లో ఒక ఉపాయం ప్రచురించారు. రొదను రెండు చెవుల్లో ఒకేలా ఉంచి, అంకెల ధ్వని తరంగాన్ని ఒక చెవిలో తలకిందులు చేశారు, అంటే 180 డిగ్రీలు తిప్పారు. రెండు చెవులూ బాగుంటే మెదడు ఆ తేడాను పట్టుకుని అంకెలను రొద నుంచి బయటికి లాగుతుంది, ఫలితం అనేక డెసిబెల్స్ మెరుగవుతుంది. ఒక చెవి దెబ్బతిన్నా, మధ్య చెవిలో అడ్డు ఉన్నా ఆ లాభం దక్కదు. రెండు చెవులు కలిస్తే దక్కే ఈ లాభం 1948 నుంచి శాస్త్రవేత్తలకు తెలుసు. ఫోన్‌లో చేసుకునే మూడు నిమిషాల పరీక్షకు దాన్ని జోడించడంతో, అంతకుముందు తప్పించుకున్న ఒంటిచెవి లోపాలు దొరకడం మొదలైంది.

150 కోట్లు: ఈ లెక్క మనదాకా ఎందుకు వస్తుంది

ప్రపంచంలో ఏదో ఒక మేర వినికిడి తగ్గినవారు 150 కోట్ల పైచిలుకు అనీ, వారిలో 43 కోట్ల మందికి చికిత్స, మిషన్, శిక్షణ వంటి సాయం అవసరమనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 2050 నాటికి ఆ సంఖ్యలు 250 కోట్లు, 70 కోట్లు దాటుతాయని అంచనా. 60 ఏళ్ళు దాటినవారిలో నలుగురిలో ఒకరికి పైగా సాయం అవసరమైనంతగా వినికిడి తగ్గుతుంది. ఆ సంస్థ 2019లో తెచ్చిన 'హియర్‌హూ' యాప్‌లో వాడింది కూడా రొదలో మూడేసి అంకెల పద్ధతినే.

తెలుగులో కూడా పని మొదలైంది. సమానమైన కష్టంతో ఉండే తెలుగు వాక్యాల జాబితాలు 2017లో పరిశోధన పత్రికకు ఎక్కాయి. తెలుగు అంకెల పరీక్షకు తనదైన చిక్కులుంటాయి. రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు, ఏడు ఆరింటికీ చివర ఉకారమే. రెండక్షరాల మాటలు కొన్ని, మూడక్షరాలవి కొన్ని, ఎనిమిదికి నాలుగు. నిడివి వినే ఎనిమిదిని చెప్పేయవచ్చు. పైగా ఫోన్ నంబరు చెప్పేటప్పుడు మనలో చాలామంది ఇంగ్లీషు అంకెలే వాడతారు. అరవై దాటిన రైతుకు ఏ అంకెలు పెట్టాలి, హైదరాబాద్ ఆఫీసులో పనిచేసే కూతురికి ఏవి పెట్టాలి అన్నది ఊహతో తేల్చే విషయం కాదు. ఆఫ్రికాన్స్ వాక్యాల విషయంలో చేసినట్టే రికార్డు చేసి, వినిపించి, లెక్కగట్టి తేల్చాలి.

ఈలోగా ఇంట్లో పెద్దవాళ్ళు "వినపడుతోంది గానీ అర్థం కావడం లేదు" అంటే, వయసు మీద పడిందిలే అని తోసేయకండి. అది కొలవగల నష్టం. అంకెల పరీక్షలో ఫలితం బాగా రాకపోతే రోగం తేలినట్టు కాదు, చెవి డాక్టరు దగ్గరికి, ఆడియాలజిస్టు దగ్గరికి వెళ్ళవలసిన వేళ వచ్చినట్టు. అక్కడ "నిశ్శబ్దంలో కాదు, నలుగురిలో ఉన్నప్పుడు ఇబ్బంది" అని విడమరిచి చెప్పండి. మాటలు వినిపించే పరీక్ష ఏ భాషలో చేస్తున్నారో అడగండి.

అరవై లక్షల పైచిలుకు మంది మాట్లాడే ఆఫ్రికాన్స్ కోసం పరిశోధకులు ఒక్కో వాక్యాన్నీ డెసిబెల్ లెక్కన తూచారు. ఎనిమిది కోట్లకు పైగా మంది మాట్లాడే తెలుగుకు అంతకన్నా తక్కువ శ్రమ చాలదు. ఆ శ్రమకు డబ్బు, మనుషులు, ఓపిక కావాలి. మన విశ్వవిద్యాలయాలు, ఆరోగ్య శాఖలు దీన్ని తమ పనిగా తీసుకోవాలి. తీసుకునేదాకా అడుగుతూ ఉండటం మన పని.